తీయలేకపోయాను, తీయలేదు

ఇద్దరి మధ్య కూర్చుని ఒకరి మాట ఇంకొకరికి చేరవేయడం నా ఉద్యోగం. కెనడాలో పాతికేళ్ళకు పైగా అదే పని చేశాను. కోర్టుల్లో, ఆసుపత్రుల్లో, ఇమిగ్రేషన్ హియరింగుల్లో. మొదట్లో జర్మన్, తర్వాత హిందీ, మన పిల్లలు ఇక్కడి కాలేజీలకు రావడం మొదలయ్యాక తెలుగు. ఇప్పుడు రిటైరై ఓక్‌విల్‌లో ఉంటున్నాను. ఈమధ్య సార్నియా నుంచీ ఇంకా ఎక్కడెక్కడి నుంచో మన అమ్మాయిలూ అబ్బాయిలూ ఫోన్ చేసి, "ఆంటీ, ఇంటర్‌ప్రెటర్ టెస్టుకి అప్లై చేశా, టిప్స్ ఏమైనా చెప్పండి" అని అడుగుతున్నారు. టెస్టు గట్టెక్కే కిటుకులు వాళ్ళకి నాకంటే ఎక్కువే తెలుసు. నేను చెప్పగలిగింది ఒక మధ్యాహ్నం గురించి. అది నా ఘనతకు సంబంధించినది కాదు.

రాజమండ్రిలో డిగ్రీ అయ్యాక ఇంగ్లీషు ఎం.ఏ. చేద్దామని హైదరాబాదు వెళ్ళి, సీటు దొరక్క జర్మన్‌లో చేరినదాన్ని నేను. ఎవరైనా అడిగితే మా నాన్న "మా అమ్మాయి ఎం.ఏ. చేస్తోంది" అని అక్కడితో ఆపేసేవారు. ఏ సబ్జెక్టో చెప్పడానికి ఆయనకు మొహమాటం. పెళ్ళయ్యాక మావారి ఉద్యోగం వల్ల హాలిఫాక్స్ వచ్చి పడ్డాం. తీరా చూస్తే ఆ భాషే నాకు అన్నం పెట్టింది. హాలిఫాక్స్ రేవు పట్టణం. జర్మన్ ఓడల్లో ఎవరికి చెయ్యి విరిగినా, ఏ కెప్టెన్‌కీ ఇన్సూరెన్సు వాళ్ళకీ పేచీ వచ్చినా నన్ను పిలిచేవారు.

నాకు ఈ పని నేర్పినావిడ మొదటిరోజే ఒక సంగతి చెప్పింది. "మాట్లాడేవాళ్ళు 'నేను' అంటే నువ్వూ 'నేను' అనాలి. 'ఆయన ఇలా అంటున్నారు' అని పక్కకి తప్పుకోకూడదు. ఏదీ కలపకూడదు, ఏదీ వదలకూడదు." వినడానికి చాలా తేలిక. హంతకుడి పక్కన కూర్చున్న రోజున నేనూ హంతకురాలిలాగే మాట్లాడాను. విడాకులడిగే భర్తలా మాట్లాడాను. ఎన్నడూ తడబడలేదు. నాకు ఆ గర్వం బాగానే ఉండేది.

అలాంటి రోజుల్లోనే, ఇరవయ్యేళ్ళ పైమాట, తీరంలో ఒక చిన్న ఊరి మ్యూజియం నుంచి పిలుపు వచ్చింది. రెండో ప్రపంచ యుద్ధంలో ఆ ఊరికి కొంత దూరంలో ఒక సరుకు ఓడని జర్మన్ జలాంతర్గామి ముంచేసింది. ఓడలో పనిచేసేవాళ్ళలో చాలామంది ఆ ఊరి కుర్రాళ్ళు. ఒక్కరూ తిరిగి రాలేదు. అయితే యుద్ధం ముగిసిన కొన్నేళ్ళకు జర్మనీలో ఒక పత్రికలో ఆ ఓడ ప్రస్తావన వచ్చిందట. జలాంతర్గామి కమాండరు పైకి వచ్చి, ప్రాణాలతో పడవలో బయటపడ్డవాళ్ళకు రొట్టె ఇచ్చి, ఒడ్డు ఎటు ఉందో చూపించి వెళ్ళాడని రాశారట. తర్వాత వచ్చిన తుఫానులో ఆ పడవ పోయిందట. ఊళ్ళోవాళ్ళకు దొరికిన ఊరట అదొక్కటే. పోయేముందు మావాళ్ళు ఏదో ఇంత తిన్నారు, శత్రువైనా ఒకడు మంచిగా మాట్లాడాడు అని.

ఆ కమాండరు ఇంకా బతికే ఉన్నాడని మ్యూజియం డైరెక్టరుకు తెలిసింది. ఆవిడ నా ఈడుదే, కష్టపడే మనిషి. వచ్చి మాట్లాడతారా అని అడిగితే ఆయన వెంటనే ఒప్పుకున్నాడు. ఎనభై దాటిన మనిషి.

విమానాశ్రయం నుంచి ఆయన్ని నేనే కార్లో తీసుకెళ్ళాను. పొడుగ్గా, వంగకుండా ఉన్నాడు. నేను రెండు వాక్యాలు మాట్లాడగానే నవ్వాడు.

"మీ జర్మన్ మా అమ్మమ్మ మాట్లాడినట్టుంది. ఎక్కడ నేర్చుకున్నారు?"

"హైదరాబాదులో. పాత పుస్తకాల్లోంచి."

"అయితే బూతులు వచ్చుండవు" అన్నాడు.

రావని ఒప్పుకున్నాను.

దారి పొడుగునా నేను అడుగుతూ వచ్చాను. సభలో నాకు తెలియని మాటలు తగలకూడదు కదా. టార్పెడో గొట్టాలూ, నీళ్ళు నింపి బరువెక్కించే తొట్లూ, ఏది ఎక్కడుంటుందో చెప్పాడు. అలా చెబుతూ చెబుతూ తన సంగతీ చెప్పుకొచ్చాడు. తండ్రి బడిపంతులు. వాళ్ళ ఊరికి సముద్రం చాలా దూరం. బడి అయిపోగానే నౌకాదళంలో చేరాడు. యుద్ధం వచ్చాక రెండేళ్ళు వేరే కమాండరు కింద పనిచేశాడు. ఇరవై నాలుగేళ్ళకే సొంతంగా ఒక జలాంతర్గామిని అప్పగించారు.

"అంత చిన్న వయసులోనా?" అన్నాను.

"నాకంటే ముందున్నవాళ్ళు సముద్రంలో పోయారు. అంతకంటే నా గొప్పేం లేదు. నా కింద పనిచేసేవాళ్ళు నన్ను 'ముసలాయన' అనేవారు. వాళ్ళు ఇంకా చిన్నవాళ్ళు."

మొదటి యాత్రలో ఆయన ఒక్క ఓడనీ ముంచలేదట. నెలల తరబడి పొగమంచులో తిరిగి, ఖాళీగా రేవుకి వచ్చాడట. ఎన్ని ఓడలు ముంచితే అన్ని చిన్న జెండాలు కట్టుకుని లోపలికి రావడం అక్కడి ఆనవాయితీ. ఈయనకి కట్టడానికి జెండా లేదు. ఒడ్డున బ్యాండు మామూలుగానే వాయించారు. ఆ సాయంత్రం తక్కిన కమాండర్లతో కలిసి భోజనానికి కూర్చోలేకపోయాడట.

"అంత సిగ్గు నా జన్మలో ఎప్పుడూ పడలేదనుకున్నాను. అప్పటికి" అని, కిటికీలోంచి బయటికి చూశాడు.

రెండో యాత్ర గురించి రేపు సభలో చెబుతానన్నాడు. నేనూ తవ్వలేదు. రొట్టె కథే కదా అనుకున్నాను. మూడో యాత్ర సంగతి మాత్రం చెప్పాడు. ఒక కెనడా యుద్ధనౌక ఆయన జలాంతర్గామిని పసిగట్టి బాంబులు వదిలిందట. లోపలికి నీళ్ళు వచ్చేసి, చివరికి పైకి తేలక తప్పలేదు. సగం మంది లోపలే పోయారు. ఈయన చలినీళ్ళలో కొట్టుకుంటుంటే ఆ నౌక వాళ్ళే తాళ్ళ వల దింపారు. ఒకడు కాలరు పట్టుకుని పైకి లాగి, తన స్వెట్టరు విప్పి తొడిగాడట. యుద్ధం అయ్యేదాకా ఒంటారియోలో ఖైదీల శిబిరంలో ఉన్నాడు. కాస్త ఇంగ్లీషు అక్కడే నేర్చుకున్నాడు. "ఇప్పుడు మాట్లాడటం రాదు. వింటే కొంత తెలుస్తుంది" అన్నాడు.

ఆ మాట నా చెవిన పడింది. మనసులో నిలవలేదు.

మర్నాడు మధ్యాహ్నం సభ. మ్యూజియం మేడ మీద గది నిండిపోయింది. కాఫీ, ఇంట్లో చేసిన తీపి టార్టులు, గోడ మీద ఆ ఓడ ఫొటో. సభకు ముందు డైరెక్టరు నన్ను పక్కకు పిలిచి, "ఫ్యామిలీలన్నీ వచ్చాయి. కొంచెం మెత్తగా చెప్పండి" అంది. ఆ మాటకు ఆవిడ ఉద్దేశం గొంతు మెత్తగా ఉండాలని. నెపం ఆవిడ మీదికి నెట్టే ఉద్దేశం నాకు లేదు.

మొదటి వరసలో ఒక పెద్దావిడ కూర్చుంది. తెల్లటి జుట్టు, నీలం కోటు. ఓడ మునిగేనాటికి తనకు పద్నాలుగేళ్ళని, తన అన్నయ్య ఆ ఓడలో పనిచేసేవాడని చెప్పింది. నా చెయ్యి పట్టుకుని, "నాకు చెవులు సరిగ్గా వినపడవమ్మా. నెమ్మదిగా చెప్పు. నేను నీ మొహం చూస్తూ వింటాను" అంది. ఆ చెయ్యి మా అమ్మ చెయ్యిలాగే పొడిగా, వెచ్చగా ఉంది.

ఆయన నిలబడి మాట్లాడాడు. కొన్ని వాక్యాలు చెప్పి ఆగుతాడు, నేను ఇంగ్లీషులో చెబుతాను. బడి, నౌకాదళం, ముసలాయన అని పిలవడం. జనం నవ్వారు. ఖాళీగా తిరిగొచ్చిన మొదటి యాత్ర. అంతా సాఫీగా నడిచింది. అప్పుడు ఆయన ఆ ఓడ దగ్గరికి వచ్చాడు. పెద్దావిడ ముందుకు వంగి నా పెదవుల వైపే చూస్తోంది. రొట్టె మాట ఎప్పుడు వస్తుందా అని ఎదురుచూస్తున్నట్టు ఆవిడ మొహంలో అప్పటికే చిన్న నవ్వు సిద్ధంగా ఉంది.

ఈసారి ఆయన మధ్యలో ఆగకుండా చెప్పిందంతా విన్నాను. ప్రతి మాటా అర్థమైంది. నోరు తెరిచి ఇలా అన్నాను: "ఆ రొట్టె కథలో కొంత అతిశయోక్తి ఉంది. అది యుద్ధం. సముద్రం చాలా చల్లగా ఉంది. నీళ్ళలో మనుషులు కనిపించారు. వాళ్ళని నేను పైకి తీయలేకపోయాను."

గదిలో ఎవరో నిట్టూర్చారు. పెద్దావిడ కళ్ళు తుడుచుకుని, పరవాలేదన్నట్టు తల ఊపింది. బాగానే దాటించాననుకున్నాను. నిజం చెప్పాలంటే, ఆ క్షణాన నాకు సంతోషం కూడా వేసింది.

ఆయన తన మాట కొనసాగించలేదు. నా ముందున్న మైకుని చేత్తో మూసి, నావైపు చూశాడు. తర్వాత చెయ్యి తీసి, ముక్కలు ముక్కలుగా ఇంగ్లీషులో అన్నాడు.

"కాదు. 'తీయలేకపోయాను' కాదు. తీయలేదు. నేను తీయలేదు."

డైరెక్టరు లేవబోయి మళ్ళీ కూర్చుంది. పెద్దావిడ ఆయన వైపు చూడలేదు. నన్నే చూస్తోంది.

"ఇంకా ఏమేం మార్చావు?" అంది.

నేను డైరెక్టరు వైపు చూశాను.

"నిన్నే అడుగుతున్నాను. ఇంకా ఏమేం మార్చావు? ఇప్పటిదాకా చెప్పినదాంట్లో ఏది ఆయనది, ఏది నీది?"

"ఈ చివరిదే" అన్నాను. నా మాట నాకే నమ్మబుద్ధి కాలేదు. వాళ్ళెందుకు నమ్మాలి?

"అయితే మళ్ళీ మొదట్నుంచి చెప్పు" అంది.

వెనక నుంచి ఎవరో, "అవును, మొదట్నుంచి" అన్నారు. నేను ఆ మాట ఆయనకు జర్మన్‌లో చెప్పాను. ఆయన తల ఊపాడు. కుర్చీ ఇస్తామంటే వద్దన్నాడు. నిలబడే మొత్తం మళ్ళీ చెప్పాడు. తండ్రి పంతులుగారి దగ్గర్నుంచి. ఈసారి ఎవరూ నవ్వలేదు. ప్రతి వాక్యానికీ జనం ముందు ఆయన మొహం, తర్వాత నా మొహం చూశారు. పనిలో అన్నేళ్ళలో ఎవరూ నన్ను అలా చూడలేదు. దొంగసొత్తు వెతికేవాళ్ళు చూసినట్టు చూశారు.

మళ్ళీ ఆ ఓడ దగ్గరికి వచ్చాం. ఆయన చెప్పింది, ఆయన తరఫున నేను 'నేను' అంటూ చెప్పింది ఇది.

"నేను ఎవరికీ రొట్టె ఇవ్వలేదు. దారి చూపలేదు. అది ఇంకో కమాండరు కథ. పత్రికవాళ్ళు నాకు అంటగట్టారు. నేను కాదనలేదు. బాగుందనిపించి ఊరుకున్నాను. ఆ ఓడ తక్కిన ఓడల గుంపులోంచి వెనకపడి ఒంటరిగా వస్తోంది. నా టార్పెడో తగిలింది. పడవలు దించే వ్యవధి లేదు. ఓడ మునిగాక నేను పైకి వచ్చాను. సాయం చేయడానికి కాదు. ఓడ పేరు కనుక్కోవడానికి. పేరు తెలిస్తేనే నా ఖాతాలో పడుతుంది, జెండా కట్టుకోవచ్చు. నీళ్ళలో ఉన్నవాళ్ళను పేరు అడిగాను. ఒకడు చెప్పాడు. పేరు చెబితే పైకి లాగుతాననుకున్నాడు. ఇంకొకడు మా జలాంతర్గామి పక్కనున్న కమ్మీ పట్టుకున్నాడు. వాళ్ళను ఎక్కించుకోవద్దని పైనుంచి ఆజ్ఞ ఉంది. కానీ అప్పుడు నాకు ఆ ఆజ్ఞ గుర్తుకే రాలేదు. పేరు దొరికింది, పని అయిపోయింది. ముందుకు పోనివ్వమని చెప్పాను. వాడి చెయ్యి జారిపోయింది. నేను చూశాను. ఇంకొకడు నన్ను తిట్టాడు. పెద్ద గొంతుతో, ఆపకుండా. నన్నూ, మా అమ్మనీ, మా దేశాన్నీ. నాకు ఆ మాటలు అప్పట్లో సగమే అర్థమయ్యాయి. శిబిరంలో ఇంగ్లీషు నేర్చుకుంటుంటే ఒక్కొక్కటీ తెలిసింది. మేము దూరం పోయేదాకా అతను తిడుతూనే ఉన్నాడు. తర్వాత ఇంజను చప్పుడులో వినపడలేదు. కొన్ని నెలలకు ఈ దేశంవాళ్ళే నన్ను నీళ్ళలోంచి తీశారు. నేను మీవాళ్ళని తీయలేదు. అది చెప్పడానికే వచ్చాను."

"చెయ్యి జారిపోయింది, నేను చూశాను" అని నా నోటితో అంటున్నప్పుడు నా గొంతు పట్టేసింది. ఆయన గొంతు పట్టేయలేదు. కాబట్టి నాది కూడా పట్టేయకూడదు. గుటక మింగి మళ్ళీ సరిగ్గా అన్నాను.

పెద్దావిడ అడిగింది. "తిట్టినవాడు. గొంతు ఎలా ఉంది?"

"లావుగా. కొంచెం నత్తి ఉంది. ఒక్కో తిట్టు మొదట్లో ఆగి, తర్వాత ఒక్కసారిగా వచ్చేది" అన్నాడు ఆయన. నేను చెప్పాను.

ఆవిడ నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుంది. ఏడుస్తోందనుకున్నాను. నవ్వుతోంది. ఏడుస్తోంది కూడా. "మా అన్నయ్యే" అంది పక్కవాళ్ళతో. "వాడే. తిట్టేటప్పుడు వాడి నత్తి ఇంకా ఎక్కువయ్యేది. మా నాన్ననీ అలాగే తిట్టేవాడు. వాడు ఊరికే పోలేదు." ఊళ్ళో పెద్దవాళ్ళు ఇద్దరు ముగ్గురు అవునన్నట్టు తల ఊపారు.

తర్వాత నావైపు తిరిగింది. "ఈ తిట్టడం సంగతి ఆయన ముందుసారి కూడా చెప్పాడా?"

"చెప్పారు."

"ఎందుకు వదిలేశావు?"

"మీరు బాధపడతారని."

"వాడి గొంతు వినక అరవయ్యేళ్ళు కావస్తోంది. ఇవాళ నా దాకా వస్తే నువ్వు మధ్యలో కూర్చుని తీసేశావు" అంది. కోపంగా అనలేదు. కోప్పడి ఉంటే బాగుండేది.

కోటు సర్దుకుని లేచింది. ఆయన చెయ్యి చాపాడు. ఆవిడ ఆ చెయ్యి వైపు కాసేపు చూసి, పట్టుకోకుండా మెట్లు దిగి వెళ్ళిపోయింది. ఎవరూ చప్పట్లు కొట్టలేదు. టార్టులు పళ్ళేల్లో అలాగే ఉండిపోయాయి.

తిరిగి వెళ్ళేటప్పుడు కార్లో క్షమాపణ చెప్పాను.

"నన్ను కాపాడదామనుకున్నారా?" అని అడిగాడు.

"లేదు. ఆవిడని."

"ఆవిడ కోసమే నేను అంత దూరం నుంచి వచ్చాను. మీరు గుమ్మంలోనే ఆపేశారు."

అంతే. ఊరడించే మాట ఒక్కటీ అనలేదు. విమానాశ్రయంలో చేతిసంచీ అందుకుంటూ మాత్రం, "రెండోసారి తప్పుల్లేవు" అన్నాడు. పంతులుగారి అబ్బాయి.

ఇంటికి వచ్చి మావారితో చెప్పాను. ఆయనది వరంగల్. ఇన్నేళ్ళ కాపురంలో నా యాస ఆయనకీ, ఆయన యాస నాకూ కొంత అంటుకున్నా, మనసు కరిగినప్పుడు సొంతదే బయటికి వస్తుంది. "ఏం గాదులే, నువ్వు మంచికే చేసినవ్ గదా. గంత ముసలామె ముంగట ఎట్ల చెప్తరు ఎవరన్నా?" అన్నారు. పక్కన హోంవర్క్ చేసుకుంటున్న మా అమ్మాయి తలెత్తకుండా, "బట్ దట్స్ లైయింగ్, అమ్మా" అంది. మావారు దాన్ని కసిరారు. నేను కసరలేదు.

ఆ మ్యూజియం నన్ను మళ్ళీ పిలవలేదు. డైరెక్టరు ఒకసారి హాలిఫాక్స్‌లో బజారులో కనిపించి, చలి గురించి మాట్లాడి వెళ్ళిపోయింది. ఆవిడని తప్పు పట్టను. కోర్టులో కొన్నాళ్ళు ప్రతి వాక్యం దగ్గరా ఆగి, ఇది వాళ్ళ మాటేనా, నా మాటా అని సరిచూసుకునేదాన్ని. నెమ్మదిగా ఉన్నానని ఒక జడ్జి విసుక్కున్నాడు కూడా. అంతవరకూ తప్పు చేయలేదన్న గర్వం నాకు ఎలా వచ్చిందా అని ఆలోచిస్తే, ఒకటే తోచింది. అంతకుముందు ఎవరి మొహం చూసీ నాకు జాలి కలగలేదు. నా నిజాయితీకి అప్పటిదాకా పరీక్షే రాలేదు. మీరు ఈ పనిలోకి వస్తే మీకూ ఒకరోజు వస్తుంది. డాక్టరు చెప్పిన మాట ఒక తల్లికి చెప్పాలి, ఆవిడ మీ మొహం చూస్తూ ఉంటుంది. ఆ రోజున మీరు ఏం చేస్తారో నాకు తెలియదు. నేనేం చేశానో చెప్పాను.

మరుసటి ఏడాది చలికాలంలో జర్మనీ నుంచి ఫోన్ వచ్చింది. ఆయన కూతురు. నాన్న పోయారని చెప్పింది. ఆయన దగ్గర నా నంబరు ఉందట. కెనడాలో ఏం మాట్లాడారో ఇంట్లో ఎవరికీ చెప్పలేదట.

"ఆ రొట్టె సంగతి మా పిల్లలకు కూడా చెప్పాను నేను" అంది. "నాన్న అక్కడ ఏం చెప్పారు? మీరే కదా పక్కన ఉన్నది."

చెప్పాను. ఆయన మాటలు, ఆయన భాషలోనే, ఆయన కూతురికి. పేరు అడగడం, కమ్మీ పట్టుకున్న చెయ్యి, తిట్లు. ఏదీ వదల్లేదు. ఆవిడ మధ్యలో ఒక్కసారీ అడ్డు రాలేదు.

"చెప్పేటప్పుడు నాన్న ఏడ్చారా?" అని అడిగింది.

ఎంత చిన్న మాట అది. అవునంటే ఆవిడకు కొంత మిగులుతుంది. కాదనడానికి అక్కడ ఇంకెవరూ లేరు. 'అవును' అన్న మాట నిజంగా నా నాలుక దాకా వచ్చింది. అంత జరిగాక కూడా వచ్చింది.

"లేదండీ, ఏడవలేదు" అన్నాను.